తొమ్మిదో తరగతికి కాంక్రీటు పాఠం: నీళ్ల కొలత నుంచి గచ్చు తడపడం దాకా

కాంక్రీటు పాఠంలో పిల్లల చేతికి ముందు తాపీ ఇవ్వకండి, లీటరు మగ్గు ఇవ్వండి. మన వైపు పశువుల కొట్టంలో గచ్చు రెండేళ్లకే పొడి రాలుతుంటే సిమెంటు కల్తీ అనో, ఇసుక మంచిది కాదనో అంటారు. చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. కలపడం సులువవుతుందని నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు, లేదా మూడో రోజుకే తడపడం మానేసి ఉంటారు. తాపీ పట్టడం మేస్త్రీ దగ్గర ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. ఈ రెండూ మాత్రం బడిలోనే ఒంటబట్టాలి.

ఇక్కడ చెప్పేది 30 మంది ఉన్న వ్యవసాయ వృత్తి విద్య తరగతికి సరిపోయే పని. చివరికి చేతికొచ్చేది 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న గచ్చు. కొట్టంలో ఒక గేదె నిలబడే చోటు కంటే ఇది కొంచెం వెడల్పు. బడిలో గొడ్లు ఉండవు కాబట్టి కుళాయి దగ్గర వేయించండి. వాలు, గీతలు మాత్రం కొట్టంలో ఉన్నట్టే పెట్టించండి.

ఎప్పుడు పెట్టుకోవాలి

ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తుఫాను హెచ్చరిక వస్తే తవ్విన గుంట చెరువవుతుంది. మార్చి దాటితే ఎండ, గాలి కలిసి గచ్చు పైపొరను గంటలో ఆరబెట్టేస్తాయి. సంక్రాంతి సెలవుల తర్వాత ఫిబ్రవరి ఆఖరు లోపు పెట్టుకుంటే రెండు బాధలూ ఉండవు. పదో తరగతికి అప్పుడు పరీక్షల ఒత్తిడి, అందుకే తొమ్మిదో తరగతిని ఎంచుకోండి. పోసిన రోజు నుంచి 14 రోజులు తడపాలి కాబట్టి మధ్యలో పెద్ద సెలవులు రాకుండా చూసుకోండి.

ఇసుక, కంకర చూడడానికి రెండు పీరియడ్లు, విరగ్గొట్టి చూసే చిన్న కాంక్రీటు బద్దలు (పరీక్ష బద్దలు) పోయడానికి రెండు, అచ్చు కట్టడానికి రెండు పడతాయి. పోసే రోజు పూట మొత్తం కావాలి. పోయడం మొదలయ్యాక గంట కొట్టారని ఆపడం కుదరదు. ఆ సంగతి ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడి ఉంచండి.

సామాను

మూడు బస్తాల సిమెంటు చాలు. గచ్చుకు రెండు, చేత్తో కలుపుతాం కాబట్టి అదనంగా పదో వంతు, అంటే 10 కిలోలు, పరీక్ష బద్దలకు 3 కిలోలు. మూడో బస్తాలో మిగిలింది ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూతి కట్టి ఉంచండి. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. పిల్లల చేతనే చదివించండి. మూడు నెలలు దాటిన సిమెంటు వద్దు. నిల్వ ఉన్న కొద్దీ అది గాలిలోని తేమ పీల్చి బలం కోల్పోతుంది. వేళ్ల మధ్య నలిపినా చితకని గడ్డలుంటే ఆ బస్తా పక్కన పెట్టేయండి. బస్తాలను నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున చెక్కల మీద, గోడకు ఒక అడుగు ఎడంగా పెట్టాలి.

కొట్లో దొరికేది ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు. అందులో కలిసే బూడిద బొగ్గు కాల్చే థర్మల్ కేంద్రాల నుంచి వస్తుంది. కృష్ణపట్నం వైపు పిల్లలకు ఆ బూడిద ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పీపీసీ మొదట్లో నెమ్మదిగా గట్టిపడుతుంది, అందుకే దాన్ని ఎక్కువ రోజులు తడపాలి.

కంకర 20 మిల్లీమీటర్లది. చీమకుర్తి చుట్టుపక్కల పిల్లలకు రాయి కొత్త కాదు, కంకరలో ఏం చూడాలన్నదే కొత్త. గుప్పెడు తీసి పలకల్లా, సూదుల్లా ఉన్న ముక్కలు ఏరమనండి. అవి ఎక్కువైతే కాంక్రీటు సర్దుకోక లోపల గుల్లలు మిగులుతాయి. రాతికి దుమ్ము పట్టి ఉంటే ముందురోజే కడిగించండి. దుమ్ము పొర ఉన్న రాయిని సిమెంటు పట్టుకోదు. క్రషర్ డస్టును ఇసుక బదులు తోలేవాళ్లుంటారు. కాంక్రీటు ఇసుకగా జల్లించి, కడిగి అమ్మేది వేరు, ఆ డస్టు వేరు. డస్టులోని మెత్తటి పిండి నీళ్లు తాగేస్తుంది.

కొలతకు లోపల 40, 35, 25 సెంటీమీటర్లుండే చెక్కపెట్టె ఒకటి చేయించండి. సరిగ్గా 35 లీటర్లు పడుతుంది. ఒక బస్తా సిమెంటు వదులుగా పోస్తే దాదాపు అంతే. గమేళాలతో కొలిచే అలవాటు ఇక్కడే మాన్పించాలి. ఒకరు తలకొట్టి పోస్తారు, ఇంకొకరు కుప్పగా పోస్తారు, రెండు గమేళాలు ఒకటి కావు. ఇవి కాక పారలు, గమేళాలు, కలపడానికి ఇనుప రేకు, రసమట్టం, టేపు, 1.8 మీటర్ల తిన్నని బద్ద, రుద్దుడు చెక్క, తాపీ, గోనె పట్టాలు ఉండాలి.

చేతులు, కళ్లు

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మంట వెంటనే తెలియదు, సాయంత్రానికి బొబ్బలు లేస్తాయి. గచ్చు మీద మోకాళ్లూని రుద్దే పిల్లలకు ఇది ఎక్కువ. తడిసిన గుడ్డలోంచి సిమెంటు నీళ్లు చర్మానికి అంటుకునే ఉంటాయి. రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు లేని పిల్లలను కలిపే చోటికి రానివ్వకండి. కాళ్లతో తొక్కి కలపడం అసలే వద్దు. బస్తా కోసేటప్పుడు గాలి వెనకనుంచి వచ్చేలా నిలబడి, ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. కంట్లో పడితే మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 50 కిలోల బస్తాను పిల్లలు ఎత్తకూడదు. కొట్టువాళ్ల చేతే కలిపే చోట దింపించి, అక్కడే సగం సగం చేయండి.

ఇసుకకు రెండు పరీక్షలు

నెల్లూరు వైపు పెన్నా ఇసుక, ప్రకాశం వైపు గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు ఇసుక. వరద తీశాక తోలిన ఇసుకలో ఒండ్రు ఎంత ఉంటుందో చూడందే చెప్పలేం. నిటారు గోడలున్న గాజు సీసాలో సగం దాకా ఇసుక, చెంచాడు ఉప్పు కలిపిన నీళ్లు పోసి బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఉప్పు ఒండ్రును త్వరగా దింపుతుంది. ఇసుక మీద వేరే పొర తేలుతుంది. ఇసుక ఎత్తు 10 సెంటీమీటర్లుంటే ఆ పొర 8 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే ఇసుక కడగాలి, లేదా వెనక్కి పంపాలి. సీసాలోని ఉప్పు ఇసుకను కుప్పలో కలపనివ్వకండి, ఎవరో ఒక పిల్లాడు ఆ పని చేయబోతాడు.

రెండోది ఉబ్బు. పిల్లలకు అన్నిటికంటే ఆశ్చర్యంగా ఉండేది ఇదే. కొంచెం తడిగా ఉన్న ఇసుక పొడి ఇసుక కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రేణువు చుట్టూ పట్టిన నీటిపొర వాటిని ఎడం చేస్తుంది. డబ్బాలో 20 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఆ తడి ఇసుక వదులుగా పోయండి. దాన్ని వేరే గిన్నెలో ఒంపి, డబ్బాలో సగం నీళ్లు పోసి, ఇసుకను కొంచెం కొంచెంగా కలుపుతూ తిరిగి వేయండి. ఇప్పుడు అది 16 సెంటీమీటర్లకు దిగిందనుకోండి. 4ను 16తో భాగిస్తే పావు వంతు ఉబ్బు. అంటే ఒక పెట్టె ఇసుక కావాల్సిన చోట ఆ రోజు పెట్టెంపావు పోయాలి. ఇది చూడకుండా పెట్టెలెక్కన పోస్తే ఇసుక తగ్గి కంకర మొరటుగా తేలుతుంది. అప్పుడు దాన్ని మెత్తబరచడానికి ఎవరో ఒకరు నీళ్లు తెస్తారు. పోసే రోజు ఉదయం ఈ పరీక్ష మళ్లీ చేయించండి, మంచుకు కూడా లెక్క మారుతుంది.

నీళ్లు ఎక్కడివి

కొత్తపట్నం, సింగరాయకొండ, ఉలవపాడు, మైపాడు లాంటి తీరం ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట్లు ఎన్నో. నోట పోసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లు కాంక్రీటుకు వద్దు. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుము లేని కాంక్రీటుకు లీటరు నీళ్లలో 2000 మిల్లీగ్రాముల దాకా క్లోరైడు ఉండొచ్చు, ఇనుము ఉన్నదానికి 500 మించకూడదు. ఉప్పు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. సముద్రపు ఇసుకకూ ఇదే కారణంతో నో చెప్పాలి. బడిలో శుద్ధి యంత్రం ఉంటే దాని పక్క పైపులోంచి వృథాగా పోయే నీళ్లను వాడదామని ఎవరైనా అనొచ్చు. పొదుపు మంచిదే గానీ ఆ నీళ్లలో ఉప్పులు అసలు నీళ్ల కంటే చిక్కగా ఉంటాయి. తాగే నీళ్లు పట్టి ముందురోజు రాత్రి నీడలో ఉంచండి. మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు పొద్దెక్కాక వేడెక్కి ఉంటాయి, వాటితో కలిపితే సిమెంటు తొందరగా బిగుసుకుంటుంది.

విరగ్గొట్టే బద్దలు

గచ్చు పోయడానికి రెండు వారాల ముందు ఈ పని చేయించండి. 5 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం, 50 సెంటీమీటర్ల పొడవున్న చెక్క అచ్చులు తొమ్మిది కావాలి. మూడు జట్లు, జట్టుకు మూడు బద్దలు. ఒక్కో జట్టుకు సిమెంటు 1 కిలో, పొడి ఇసుక 2 కిలోలు, 10 మిల్లీమీటర్ల సన్న కంకర (చిప్స్) 3 కిలోలు తూకం వేసి ఇవ్వండి. మొదటి జట్టు 550 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తుంది. రెండో జట్టు 800. మూడో జట్టు కూడా 550 పోస్తుంది గానీ దాని బద్దలు తడపకూడదు. రెండు రోజులయ్యాక అచ్చులు విప్పి మొదటి రెండు జట్ల బద్దలను నీళ్ల తొట్టిలో వేయండి, మూడో జట్టువి ఎండలో పెట్టండి. బద్దల మీద మేకుతో తేదీ, జట్టు అంకె గీయించడం మరిచిపోకండి. తర్వాత ఏది ఏదో తెలియదు.

కలిపేటప్పుడు రెండో జట్టు పిల్లలు సంబరపడతారు, వాళ్లది సులువుగా కలుస్తుంది, అచ్చులో తనంతట సర్దుకుంటుంది. మొదటి జట్టు పొడుస్తూ అవస్థ పడుతుంది. పడనివ్వండి.

పద్నాలుగో రోజున ఒక్కో బద్దను 40 సెంటీమీటర్ల ఎడంలో పెట్టిన రెండు ఆసరాల మీద ఉంచి, నడుమ తాడుతో 20 లీటర్ల బకెట్టు వేలాడదీసి, మగ్గుతో నీళ్లు పోస్తూ పోండి. విరిగినప్పుడు ఎన్ని లీటర్లో రాసుకోవాలి. బకెట్టు నిండినా విరగకపోతే తూకం వేసిన ఇటుకలు చేర్చండి. బకెట్టు అడుగు నేలకు ఒక జానెడు ఎత్తు మించకూడదు, కింద ఇసుక పరవాలి, కాళ్లు దూరంగా ఉండాలి. జట్టుకు మూడేసి బద్దలు ఎందుకంటే ఒకటి గాలిబుడగ వల్ల ముందే విరగొచ్చు, సగటు తీయించండి. విరిగిన ముక్కను చేతికిచ్చి చూడమనండి. ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక వదిలిన సన్నటి రంధ్రాలు, తేలిగ్గా రాలే సిమెంటు అందులో కనిపిస్తాయి.

గుంట, అచ్చు

నాలుగు మూలల్లో జామాయిల్ మేకులు దింపి పురి కట్టించండి. 2 మీటర్లకు 1.5 మీటర్లు అయితే మూల నుంచి మూలకు సరిగ్గా 2.5 మీటర్లు రావాలి. పైథాగరస్ సిద్ధాంతం టేపు మీద కనిపించడానికి ఇంతకంటే మంచి కొలత దొరకదు. రెండు మూలగీతలూ కొలవాలి. ఒకటే సరిపోయి రెండోది తేడాగా వస్తే మూలలు లంబంగా లేనట్టే.

మట్టి తీసి, 10 సెంటీమీటర్ల గ్రావెల్ పరిచి, తడిపి దిమ్మిసతో కొట్టించండి. నాగులుప్పలపాడు వైపు లాంటి నల్లరేగడి అయితే ఇది చాలదు. రేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది, పైన ఎంత మంచి కాంక్రీటు వేసినా దానితోపాటు పగులుతుంది. అక్కడ కనీసం అడుగు లోతు తీసి గ్రావెల్‌తో నింపి పొరపొరగా కొట్టాలి.

అచ్చుకు 10 సెంటీమీటర్ల బద్దలు నిలువుగా పెట్టి, బయటి వైపు ప్రతి 60 సెంటీమీటర్లకూ ఒక మేకు దింపండి. వాలు 40కి 1, అంటే 2 మీటర్ల పొడవుకు 5 సెంటీమీటర్లు దిగాలి. పొడవు బద్ద మీద 1.8 మీటర్ల తిన్నని బద్దను, దాని మీద రసమట్టాన్ని పెట్టి, తిన్నని బద్ద దిగువ చివర కింద 4.5 సెంటీమీటర్ల చెక్కముక్క ఇరికిస్తే బుడగ నడిమికి రావాలి. వాలు ఇంతకంటే తక్కువైతే మూత్రం నిలుస్తుంది, బాగా ఎక్కువైతే గొడ్డు నిలబడడానికి ఇబ్బంది పడుతుంది. అచ్చు లోపలి వైపు పాత ఇంజను నూనె పలచగా పూయాలి, కారేలా కాదు. పొడవు బద్దల మీద ప్రతి 50 సెంటీమీటర్లకూ సుద్దగీత గీయించండి. దాని పని తర్వాత తెలుస్తుంది.

పోసే రోజు

తరగతిని నాలుగు జట్లు చేసి ఒక్కో జట్టుకు అర బస్తా కలయిక ఇవ్వండి. సిమెంటు, ఇసుక, కంకర నిష్పత్తి 1:2:4, అంటే ఎం15 అనే రకం కాంక్రీటు. ఒక జట్టు లెక్క ఇది: సిమెంటు 25 కిలోలు, చేతి కలయికకు అదనంగా 2.5 కిలోలు, ఇసుక ఒక పెట్టె, దాని మీద ఉబ్బు, కంకర రెండు పెట్టెలు. నీళ్లు మొత్తం 16 లీటర్లు దాటకూడదు. ఎం15కు బస్తాకు 32 లీటర్లే హద్దు. ఇసుకలో ఉన్న నీళ్లు కూడా ఇందులో లెక్కే. నూటికి ఐదు వంతులు తడి ఉంటే పెట్టె ఇసుక రెండున్నర లీటర్లు మోసుకొస్తుంది. అందుకని 13 లీటర్లు కొలిచి ఒక బకెట్టులో ఇవ్వండి. కలిపే చోట రెండో బకెట్టు గానీ, నీళ్లు వదిలే పైపు గానీ ఉండకూడదు. ఈ ఒక్క కట్టుబాటు ఏ ఉపన్యాసం కంటే అయినా బాగా పనిచేస్తుంది.

రేకు మీద ఇసుక, సిమెంటు కనీసం మూడుసార్లు తిరగవేసి ఒకే రంగు వచ్చేదాకా పొడిగా కలపాలి. తర్వాత కంకర వేసి మళ్లీ తిరగవేసి, నడుమ గుంట చేసి, 11 లీటర్లు పోసి కలపాలి. మిగతా 2 లీటర్లు అవసరాన్ని బట్టి మగ్గుతో. గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందున సిమెంటు పాలు కారకూడదు. రేకుతో 30 సెంటీమీటర్ల ఎత్తు, కింద 20, పైన 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న శంకువు చేయించగలిగితే, మూడు పొరలు వేసి పొరకు 25 పోట్లు పొడిచి పైకి లాగి చూడండి. ముద్ద 25 నుంచి 75 మిల్లీమీటర్ల లోపు కుంగితే గచ్చుకు సరి.

మేస్త్రీని పిలిస్తే మంచిదే, చేతివాటం ఆయన దగ్గర చూసి నేర్చుకుంటారు. కానీ నీళ్ల విషయం ముందే మాట్లాడుకోండి. "ఇంకో చెంబు పోయండయ్యా, జారుగా ఉండాలి" అని పిల్లల ముందు ఆయన అంటే రెండు వారాల పాఠం అక్కడితో సరి.

గ్రావెల్ మీద నీళ్లు చల్లాలి, నిలవకూడదు. దిగువ చివర నుంచి మొదలుపెట్టి ఎగువకు పోయండి. పార నిండుగా తెచ్చి దగ్గరే వేయాలి, దూరం నుంచి విసిరితే కంకర, ముద్ద విడిపోతాయి. 16 మిల్లీమీటర్ల కడ్డీతో పొడుస్తూ, అచ్చు అంచు వెంట తాపీ నిలువుగా దించి ఆడించాలి. ఒక జట్టు కలయిక ఒక సుద్దగీత దాకా రావాలి. చాలా తక్కువ వస్తే పెట్టె సరిగా నింపలేదు, లేదా గుంట లోతు ఎక్కువైంది. గీత దాటి మిగిలితే కంకరో ఇసుకో ఎక్కువ పడింది, లేదా సరిగా పొడవలేదు. లెక్క తప్పింది ఎక్కడో అప్పటికప్పుడే పిల్లలే పట్టుకుంటారు.

నీళ్లు కలిపిన అరగంటలో ఆ కలయిక అచ్చులో ఉండాలి. ఒక జట్టు వేసిన అంచు ఆరకముందే రెండో జట్టుది కలవాలి, లేకపోతే అక్కడ అతుకు మిగిలి తర్వాత అదే గీత వెంట పగులుతుంది. అందుకే మొదటి జట్టు పోస్తుండగా రెండోది పొడిగా కలిపి సిద్ధంగా ఉండాలి. బిగుసుకున్న ముద్దను నీళ్లు పోసి మళ్లీ కలపనివ్వకండి, పారేయించండి.

పైపని

తిన్నని బద్దను రెండు అచ్చుల మీద ఆనించి, రంపం కోసినట్టు అటూ ఇటూ ఆడిస్తూ ఎగువకు లాగాలి. తర్వాత ఆగాలి. పిల్లలకు ఇదే కష్టం. పైన నీటి మెరుపు ఉన్నంతసేపు చెక్క ఆనించకూడదు. ఆ నీళ్లను రుద్ది లోపలికి కలిపితే పైపొర బలహీనమై తర్వాత పొడి రాలుతుంది. ఆ నీళ్లు తీయడానికి పొడి సిమెంటు చల్లే అలవాటు ఉంది. అది పైన పలచటి పెచ్చు అవుతుంది గానీ గచ్చులో కలవదు. మెరుపు పోయి, బొటనవేలు నొక్కితే అర సెంటీమీటరు దిగే దశలో రుద్దుడు చెక్క పట్టించండి. నున్నగా తాపీ తిప్పొద్దు, నున్నటి గచ్చు మీద తడి ఉంటే గేదె జారి కాలు విరగ్గొట్టుకుంటుంది. బద్ద ఆధారంగా 10 మిల్లీమీటర్ల కడ్డీని నొక్కి, వాలు దిశలో 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున 1 సెంటీమీటరు లోతు గీతలు వేయించండి.

తడపడం

గోనె పట్టా వేస్తే మచ్చ పడని దశకు రాగానే తడి పట్టాలు కప్పేయండి. నెల్లూరు వైపు వరిగడ్డి దొరికితే అదీ మందంగా పరవొచ్చు. వాలు గచ్చు మీద మడి కట్టి నీళ్లు నిలపడం కుదరదు, దిగువ సగమే మునుగుతుంది, ఎగువ ఎండుతుంది. అందుకే పట్టాలే దారి. రోజుకు మూడుసార్లు, గాలి ఉంటే ఇంకా ఎక్కువ. పట్టా ఎప్పుడూ ఆరకూడదు. ఒకసారి ఆరి ఒకసారి తడిస్తే ఒరగబెట్టేదేమీ లేదు. 14 రోజుల పట్టీ రాసి గోడకు అంటించండి, ఆదివారాలకు బడి పక్క ఇళ్ల పిల్లల పేర్లు వేయండి. అచ్చు మర్నాడు విప్పొచ్చు. మూడో రోజు నుంచి మనుషులు నడవొచ్చు. గొడ్లను 14 రోజుల తర్వాతే కట్టాలి, ట్రాక్టరు ఎక్కించే గచ్చయితే 28 రోజులు ఆగాలి.

లోపం చూసి కారణం చెప్పించడం

మార్కులు గచ్చు అందానికి కాదు, రాతకు వేయండి: పోసిన నీళ్లు ఎన్ని లీటర్లు, ఉబ్బు ఎంత వచ్చింది, కలయిక ఏ గీత దాకా వచ్చింది, తడిపిన వేళలు. తర్వాత గచ్చు చుట్టూ తిప్పుతూ ప్రశ్నలు అడగండి. పోసిన రోజే పైన సన్నటి పగుళ్లు వచ్చాయంటే గాలికి పైపొర ముందు ఆరింది, కప్పడం ఆలస్యమైంది. అంచులో గుల్లలుంటే తాపీ ఆడించలేదు, లేదా ఇసుక తగ్గింది. నెల తర్వాత అడ్డంగా ఒకే పెద్ద పగులు వస్తే కిందిది దిగింది. గోరుతో గీస్తే తెల్లపొడి వస్తే పైకి తేలిన నీళ్లను రుద్దారు లేదా తడపలేదు. నిజం కొట్టాలకు తీసుకెళ్లి ఇవే ప్రశ్నలు అడిగితే ఇంకా మంచిది. అక్కడ గచ్చు 3 మీటర్ల కంటే పొడవుంటే మందంలో పావు వంతు లోతున గాడి కోసి ఉందా అని కూడా చూడమనండి. గాడి లేకపోతే కాంక్రీటు తనకు నచ్చిన చోట పగులుతుంది.

దీని తర్వాత మోనోబ్లాక్ మోటారు (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) దిమ్మ పెట్టుకోవచ్చు. అందులో కొత్త పాఠం బోల్టులు. మోటారు అడుగు రంధ్రాలను ప్లైవుడ్ మీద గుర్తించి తొలిచి, ఆ పలకకే బోల్టులు బిగించి, పలకను అచ్చు మీద మేకులతో కదలకుండా పెట్టి పోయాలి. చేత్తో పట్టుకుని నిలబెట్టిన బోల్టు 3 మిల్లీమీటర్లు జరిగినా మోటారు కూర్చోదు. దిమ్మ బరువు మోటారు, పంపు బరువుకు మూడింతలైనా ఉంటే అదురు తగ్గుతుంది. కంచె స్తంభాలు దాని తర్వాత, ఎందుకంటే వాటిలో ఇనుము ఉంటుంది. తీరం ఊళ్లలో ఆ ఇనుము చుట్టూ కాంక్రీటు మందం ఎంత ఉంచాలో, ఇనుమును అచ్చుకు ఎడంగా నిలిపే కవర్ బిళ్లలు ఎక్కడ కట్టాలో వేరే పాఠంగా చెప్పాలి. ఆ బిళ్లలను మూడో బస్తాలో మిగిలిన సిమెంటుతో ఇప్పుడే పోయించి నీళ్లలో వేసి ఉంచండి.